పెన్నుతో రాసిన మూతలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు బాబాయి సీసాల పెట్టె బల్ల మీద దించి, మూతల మీద పెన్నుతో రాస్తున్నావేంటమ్మా అని అడిగితే, నా పని నాకు నేర్పొద్దని కసిరాను. స్పిరిట్ తగిలితే సిరా చెరిగిపోతుంది, పెన్సిలే వాడాలి అని ఆయనకు నేర్పింది నేనే. నా పెన్సిలు కనబడలేదు, వెతికే ఓపిక లేదు.

బాబాయి వాగుల్లో చేపలు పట్టి, రెక్క అంచున చిటికెడు ముక్క కత్తిరించి, చేపను మళ్లీ నీళ్లలో వదిలేస్తాడు. కొండ మీది ఎగువ వాగులో మిగిలిన కాసిని చేపలూ దిగువ వాటికన్నా వేరని ఆయన నమ్మకం. ఆ తేడా పట్టించే జన్యు గుర్తులు తయారుచేయడమే మా ల్యాబు పని. తేడా రుజువైతేనే ఎగువ వాగుకి రక్షణ వస్తుంది.

ముక్కల్ని స్పిరిట్ పోసిన చిన్న గొట్టాల్లోకి మార్చి, ఏది ఏ వాగుదో బాబాయి రాసిన చీటీలు పారేశాను. మర్నాటికి స్పిరిట్ కారి ఏడు మూతలు తెల్లమొహం వేశాయి. గుర్తున్నంత మటుకు ఊహించి మళ్లీ రాసేశాను. ఏడే కదా అనుకున్నాను.

ఫలితాలు కలగాపులగమయ్యాయి. ఎగువవని రాసిన వాటిలో దిగువ చేపలు బయటపడ్డాయి. బాబాయి కొండెక్కడానికి బద్ధకించి, కింది వాగులోనే పట్టుకొచ్చి అబద్ధం రాశాడని ల్యాబు నడిపే మేడమ్ తేల్చేసి, ఆయన్ను పని మాన్పించింది. నేను పక్కనే ఉన్నాను. నోరు పెగల్లేదు, ఇంత నోరున్నదాన్ని.

ఇరవై రోజులు తిండి సయించలేదు. వీధిలో పిన్ని ఎదురుపడితే తల తిప్పుకున్నాను. సిగ్గేసింది. చివరికి ఈ ఉదయం మేడమ్ గదిలోకి వెళ్లి అంతా కక్కేశాను. ఆవిడ చెడామడా తిట్టి, బాబాయిని పిలిచి మళ్లీ ముక్కలు తెప్పించమంది.

తిన్నగా వాళ్లింటికి వెళ్లాను. బాబాయి గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తప్పు నాదేనని, మేడమ్‌కి చెప్పేశానని, రేపే పనిలోకి రమ్మన్నారని గబగబా అప్పజెప్పాను. ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. అప్పుడు వెలిగింది నాకు.

"నీకు ముందే తెలుసా బాబాయ్? మరి మేడమ్‌తో అనలేదేం?"

"అంటే నీ ఉద్యోగం ఉండేదా?" వల పక్కన పెట్టాడు. "నువ్వే చెబుతావని చూశానమ్మా. మీ పిన్నికి కూడా చెప్పలేదు. నేను నిజంగానే కొండెక్కలేదనుకుంటోంది. ముందు లోపలికెళ్లి తనకి చెప్పు."