తిరగేసి చూసిన చొక్కా

రెండోసారి వరద వంతెన మీదుగా పారిన ఏడు అది. దిగువ వీధి మొత్తం మునిగింది. చిన్న టైలరు ఇల్లూ మునిగింది. ఎదురుగా మేడ మీద కాపురముండే అతని అన్న, పెద్ద టైలరు, కిటికీ దగ్గర కూర్చుని అంతా చూశాడు. కాలి చెప్పయినా తడవలేదు. నీళ్ళు తన మొహం చూసి జడిసి మెట్టెక్కలేదన్నట్టు మాట్లాడేవాడు.

అన్నదమ్ములకు ఆరేళ్ళుగా మాటల్లేవు. కారణం పెద్దదేం కాదు. తన దగ్గర పని నేర్చిన తమ్ముడు తన ఎదురుగానే కొట్టు పెట్టాడని. తమ్ముడి కూతురు మాత్రం ఈయన ఒళ్ళోనే పెరిగింది. వరద తీశాక చర్చిలో ఆ పిల్ల పెళ్ళి పెట్టుకున్నారు. పిలవడానికి ఆ పిల్లే అతని మేడ మెట్లెక్కి వచ్చింది.

"పెదనాన్నా, సాక్షి సంతకం నువ్వే పెట్టాలి. ఇంకెవరు పెట్టినా నాకు పరాయి పెళ్ళిలా ఉంటుంది."

"మీ నాన్న పిలవమన్నాడా?"

"నాన్న పిలవమన్నాడు, అమ్మ పిలవమంది, నేనూ పిలుస్తున్నా. ఇంకేం కావాలి నీకు, బ్యాండుమేళమా?"

అతనికి నవ్వొచ్చింది. మీసాల కింద దాచుకుని, "వస్తాలేవే" అన్నాడు. ఆ సంతకం కోసం రెండు రోజులు కాగితం మీద చెయ్యి తిప్పుకున్నాడు కూడా. అది భార్య చూసింది.

ఎగువ వీధి పెద్దమనుషులనూ పిలిచారు. మిల్లు యజమాని కొత్త మోటారు బిగిస్తున్నాం, చేతులు ఖాళీ లేవన్నాడు. బిగించేది మేస్త్రీ, ఈయన చేతులకేమొచ్చిందో. ఒక గుమాస్తా స్థలం కొన్నానని, దాన్ని చూసి రావాలని చెప్పాడు. కొనేముందు కళ్ళు ఎక్కడ పెట్టాడో. ఇంకొకాయన కొత్తగా పెళ్ళి చేసుకున్నాడు, భార్య వద్దందట. అసలు సంగతి అందరికీ తెలుసు. బురద వీధి వాళ్ళ పక్కన కూర్చోవాలి కదా.

"థూ, వీళ్ళూ మనుషులేనా!" అని పెద్ద టైలరు ఈసడించాడు.

ఈ జవాబులన్నీ పెళ్ళికి పది రోజుల ముందే వచ్చాయి. చిన్న టైలరు తోపుడు బండివాణ్ణి పిలిచాడు.

"వీధులన్నీ తిరుగు. కనబడ్డ వాణ్ణల్లా రమ్మను."

"ఒంటిమీద గుడ్డలేనోళ్ళున్నారయ్యా."

"గుడ్డ సంగతి నాకొదిలెయ్."

అటక మీద తడవకుండా మిగిలిన తెల్లగుడ్డ తానులు దించాడు. మొగుడూ పెళ్ళాం కాళ్ళు వాచేలా మిషను తొక్కారు. ఎవడి ఇల్లు మునిగిందో, ఎవడిది మునగలేదో తెలియకూడదని వచ్చే ప్రతి మగాడికీ ఒకే రకం చొక్కా కుట్టారు.

పెళ్ళి పూట పెద్ద టైలరు నల్లకోటు వేశాడు. ఇస్త్రీ మడత మీద ఈగ వాలితే జారిపడుతుంది. వరద తరవాత ఆ చుట్టుపక్కల అలాంటి కోటు ఇంకొకటి లేదు. అతనికి కావలసిందీ అదే.

చర్చి గుమ్మంలో మరదలు చొక్కా చేతిలో పెట్టింది. అతను తొడుక్కోలేదు. తిరగేశాడు. కుట్టు లాగి చూశాడు.

"ఏంటీ కాలరు, మేక చెవుల్లా?"

"బావగారూ, చదవడానికి ఉత్తరమివ్వలేదు నేను. తొడుక్కోడానికి చొక్కా ఇచ్చాను."

"నాకు కోటుంది."

"కనబడుతోందిగా. అందరికీ కనబడాలనేగా తమరి బాధ."

వెనక బండివాడు గొణిగాడు. "పెద్దయ్యా, తొందరగా కానివ్వండి. నా కడుపు కాలిపోతోంది."

చొక్కా ఆమె చేతిలోకే తోసి లోపలికి పోయాడు. తెల్లటి వరసల మధ్య అన్నంలో రాయిలా కూర్చున్నాడు.

పాస్టరు గారు ఆ వేళ బైబిల్లోని రాజు విందు కథ చెప్పారు, పిలిచిన పెద్దలు రాకపోతే దారిన పోయేవాళ్ళను పిలిచి పెళ్ళిబట్టలిచ్చిన రాజు కథ.

"పిలుపుకి అర్హత అడగలేదు రాజు. చొక్కా కూడా తనే ఇచ్చాడు. రాని వాళ్ళు పిలుపుని కాదన్నారు. సొంత బట్టల్లో కూర్చున్నవాడు వచ్చి మరీ కాదన్నాడు. వాళ్ళకంటే వీడే ఘనుడు."

ఆయన కోటు వైపు చూడలేదు. మిగతావాళ్ళంతా చూశారు.

సంతకాల పుస్తకం తెరిచారు. "పెదనాన్నా, రా" అని పిల్ల పిలిచింది. లేచి వెళ్ళాడు.

"చొక్కా ఏది?" అంది పిల్ల.

నోరు తెరిచాడు. ఊళ్ళో ప్రతి కాలరునూ ఉతికి ఆరేసిన నోరు అది. చెప్పడానికి ఒక్క జవాబే ఉంది, మా ఇల్లు మునగలేదని. అన్ని తెల్లచొక్కాల ముందు ఆ మాట అనలేక కోటు గుండీ సర్దుకున్నాడు.

"తొడుక్కుని రా పెదనాన్నా. ఆగుతాం."

పెళ్ళి ఆగింది. పాస్టరు గారు కలానికి మూత పెట్టారు. అతను గుమ్మం దాకా నడిచాడు. మరదలు చొక్కా చాపి నిలబడింది. ఒక్క చెయ్యి దూరిస్తే చాలు. మహానుభావుడు దాన్ని దాటుకుని మెట్లు దిగాడు. ఎవరూ గెంటలేదు. తన మెడ తనే పట్టుకుని గెంటుకున్నాడు.

చాలాసేపు చూశారు. పిల్ల కళ్ళు తుడుచుకుంది. చివరికి బండివాడు వేలిముద్ర వేశాడు. ఆ సిరా మరక చొక్కాకి తుడుచుకున్నాడని లోపల అందరూ నవ్వుతుంటే, బయట గోడకానుకుని ఈయన విన్నాడు. కోటు లోపల చెమటలు కారాయి.

మర్నాడు పొద్దున్నే కోటు లేకుండా వీధి దాటి తమ్ముడి కొట్టు మెట్టెక్కాడు.

"ఒరేయ్, చొక్కా ఉందా?"

"అయిపోయాయి. పెళ్ళీ అయిపోయింది."

"తెలుసులేరా. ఒకటి కుట్టు."

తమ్ముడు టేపు తీశాడు. భుజం దగ్గర పెట్టాడో లేదో, "అక్కడ కాదు, ఇంకాస్త..." అని అన్న మొదలెట్టాడు.

"నోరు మూసుకుని చేతులెత్తు అన్నయ్యా."

ఎత్తాడు.