గైడ్ ఫోల్డరు

బొచ్చె చేప ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తుండగా గదిలోంచి హెబ్రోను పిలిచాడు. పాటలన్నీ ఓపెన్ అవుతున్నాయట, ఒక్కదాంట్లోనూ సౌండు రావడం లేదట. శనివారం పొద్దున తొమ్మిదయింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నా నీచు వాసన పోలేదు. అలాగే వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నాను. అతను లేచి మంచం మీద ఒరిగి ఫోను తీశాడు. మా ఇంట్లో ఆ కుర్చీ నా మొగుడిది. కంప్యూటరు మొరాయించినప్పుడు మాత్రం నాది.

పెళ్ళికి ముందు నాయుడుపేటలో ఒక నెట్ సెంటర్లో మూడేళ్ళు పనిచేశాను. ఎవరి ఫైలు ఎక్కడ పోయినా వెతికిపెట్టేదాన్ని. ఇక్కడికొచ్చాక ఆ విద్య ఇంటి పనుల్లో ఒకటైపోయింది. హెబ్రోను సబ్‌స్టేషన్లో షిఫ్టు ఆపరేటరు, ఆదివారం మనుబోలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. పడకగది గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి దాన్ని స్టూడియో అన్నాడు. ఆ అట్టల దుమ్ము దులిపేది నేను. రికార్డింగు ఉందంటే ఫ్యాను ఆపాలి, మిక్సీ వెయ్యకూడదు, కుక్కరు కూత వెయ్యకూడదు. కాబట్టి ఆ రోజుల్లో నాలుగున్నరకే లేచి వంట ముగిస్తాను. హైవే మీద లారీల మోతని, పట్టాల మీద గూడ్సు బండిని ఎవరూ ఆపలేరు గనక వాటికోసం పాట ఆగుతుంది. నా కుక్కరు కోసం ఎప్పుడూ ఆగలేదు.

తెర మీద ఒక పెట్టె తెరుచుకుని ఉంది. నలభై ఆరు ఫైళ్ళు కనబడటం లేదని దాని ఏడుపు. ఇందులో వింతేమీ లేదు. పాట ప్రాజెక్టులో అసలు గొంతు ఉండదు. ఏ గొంతు, ఏ వాయిద్యం ఎక్కడ దాచి ఉందో ఆ చిరునామాలు మాత్రమే ఉంటాయి. ఇల్లు మారితే ఉత్తరం తిరిగొచ్చినట్టు, ఫైలు చోటు మారితే పాట మూగబోతుంది. అందుకే నాకు మొదట్లో కంగారు పుట్టలేదు. హార్డ్ డిస్కు తీగని వేరే రంధ్రంలో గుచ్చి ఉంటాడు, కంప్యూటరు దానికిచ్చే డ్రైవ్ అక్షరం మారి ఉంటుంది అనుకున్నాను. నిజంగానే మారింది. సరిచేసి మళ్ళీ తెరిస్తే తబలాలూ ప్యాడ్లూ తిరిగొచ్చాయి. నలభై ఆరు ముప్పై రెండయింది. కీబోర్డు ముక్కలన్నీ ఎవరో 'ఫైనల్' అనే కొత్త ఫోల్డర్లోకి జరిపారు. ఆ ఎవరో మంచం మీద వీడియోలు చూస్తున్నాడు. వాటికి దారి చూపించాను. ఇక ఇరవై నాలుగు మిగిలాయి.

ఆ ఇరవై నాలుగు పేర్లూ వరసగా చదివాను. గైడ్ 1, గైడ్ 1 రెండో టేకు, గైడ్ 2... గైడ్ 12 రెండో టేకు. అవి నా గొంతు.

నా గొంతు అంటే ఇప్పుడున్నది కాదు. రెండేళ్ళ కిందట మెడలో థైరాయిడ్ గడ్డ లేచింది. నెల్లూరులో చూపించుకుంటే తీసెయ్యాల్సిందే అన్నారు. ఆపరేషన్ తర్వాత గొంతు మారొచ్చు, పాడేవాళ్ళయితే ముందే చెప్పాలి గనక చెబుతున్నాం అని ఆ డాక్టరమ్మ నా వైపు చూసి అంది. నా పక్కనున్న మా అత్త మగ్దలీనమ్మ, "పాడేదేముందమ్మా, చర్చిలో అందరితో పాటే గదా," అని జవాబు నా బదులు చెప్పేసింది. అప్పటికి నా దగ్గర పన్నెండు పాటలున్నాయి. బియ్యం ఏరుతూ, పాపకి జ్వరమొస్తే ఒళ్ళో వేసుకుని కూర్చుని, బట్టలు పిండుతూ కట్టుకున్న పాటలు. మాటలు నావి, రాగాలు నావి. ఆపరేషన్‌కి పది రోజుల గడువుంది. ఆ పది రోజులూ పాపని బడికి పంపి, ఫ్యాను ఆపుకుని, చెమటలు కారుతుండగా, గూడ్సు బండికీ గూడ్సు బండికీ మధ్య పాడుకున్నాను. రోజుకొకటి, చివరి రెండు రోజులూ రెండేసి. పెద్దయ్యాక పాప అడిగితే వినిపించాలని. పాప అడక్కపోతే నేనే వినాలని.

హెబ్రోను అప్పుడు సంతోషించాడు. పన్నెండు పాటలకి గైడ్లు రెడీ అయినట్టే అన్నాడు. గైడ్ అంటే, అసలు సింగరు వచ్చి నేర్చుకోవడానికి ముందుగా ఎవరో ఒకరు పాడిపెట్టే గొంతు. సింగరు పాడేసిన తర్వాత దాన్ని తీసేస్తారు. నేను మొదట ఫైళ్ళకి 'అబిగయీలు వోకల్' అని పేరు పెట్టాను. అది చూసి నవ్వాడు. "వోకల్ అంటావేందే, అది బయటి సింగరు పాడితే అనే మాట. గైడ్ అని రాయి, నాకు వెతుక్కోను సులువుగా ఉంటది," అన్నాడు. నేను ఇరవై నాలుగింటికీ పేరు మార్చాను. పోట్లాడలేదు. ఒక పేరు కోసం పోట్లాడటమేంటి, గొంతయితే ఉంది కదా అనుకున్నాను. వాటన్నిటినీ ఒక ఫోల్డర్లో వేసి దాని మీద కూడా గైడ్ అనే రాశాను. ఆ తెలివితక్కువ పని ఎవరి నెత్తినా రుద్దలేను, చేసింది నేనే.

ఆపరేషన్ బాగా జరిగింది, గడ్డ పోయింది, గొంతు కూడా పోయింది. మాట వస్తుంది, సగం గాలి కలిసి వస్తుంది. రెండో చరణంలో కొంచెం పైకి వెళ్ళాలంటే అక్కడ ఏమీ ఉండదు, మెట్టు అనుకుని కాలు వేస్తే నేల లేనట్టు. మా అత్త దిగులుపడొద్దంది. "మాట వస్తుండాదిగా, అది చాలు. ఇంట్లో దానికి అంతకన్నా గొంతెందుకు?" అంది. హెబ్రోను చుట్టాలొచ్చినప్పుడల్లా ఇప్పుడు మా ఇంట్లో రికార్డింగుకి సైలెన్సు బాగుందని జోకు వేసేవాడు, వాళ్ళు నవ్వేవాళ్ళు, నేను కాఫీ తెచ్చేదాన్ని. నా పాత ఫోన్లో ఆ పాటల కాపీ ఒకటి ఉండేది. ఇప్పుడు నువ్వెవరితో మాట్లాడాలని ఆ ఫోను మా ఆడబిడ్డకి ఇచ్చేశారు. ఇచ్చేముందు అందులోవన్నీ తుడిచి శుభ్రంగా ఇచ్చింది కూడా నేనే. డిస్కులో ఉన్నాయి కదా అనుకున్నాను.

డిస్కంతా పేరుతో వెతికాను. లేవు. పేరు మారి ఉంటుందేమోనని తేదీతో వెతికాను. ఆ పది రోజుల తేదీల్లో ఒక్క ఫైలూ లేదు. చెరిపినవి పడే బుట్టలో చూశాను, బుట్ట ఖాళీ. వీపు మీద చెమట దిగుతోంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"గైడ్ ఫోల్డరు యాడుంది?" అని అడిగాను.

హెబ్రోను ఫోను మీంచి కళ్ళెత్తకుండానే, "ఆ... గైడా," అన్నాడు. "పోయిన నెల్లో చర్చి సభల వీడియో కాపీ చేస్తుంటే డిస్కు నిండిపోయిందని చూపించింది. అప్పుడు తీసేసినా. గైడే గదా."

తప్పు చేసినవాడి ముఖం కాదది. ఇంట్లో పాత పేపర్లు అమ్మేసినవాడి ముఖం. నాకు కోపం వచ్చి ఉంటే బాగుండేది. రాలేదు. నెట్ సెంటర్లో ఎవరిదో ఫైలు పోతే ఏం చేసేదాన్నో అదే చేశాను. డిస్కులోకి కొత్తగా ఏమీ ఎక్కించవద్దని చెప్పాను. చెరిపేసిన వాటిని తిరిగి తవ్వే ప్రోగ్రాము ఒకటుంటుంది, దాన్ని దింపి నడిపించాను. రెండు గంటలు పడుతుందని చూపించింది. ఆ రెండు గంటల్లో పులుసు పెట్టాను, అన్నం వండాను, అత్త మోకాళ్ళకి నూనె రాశాను. ప్రతి పదినిమిషాలకీ వెళ్ళి చూసి వచ్చాను. ప్రార్థన చెయ్యాలని కూడా తోచింది, ఏమని చెయ్యాలో తెలియలేదు. బైబిల్లో నా పేరుగల అబిగయీలు నాబాలు అనే మూర్ఖుడి పెళ్ళాం, మహా తెలివిగలది, మొగుడు చెడగొట్టినవన్నీ చక్కబెట్టుకొస్తుంది. మా నాయన ఆ కథ పూర్తిగా చదివే నాకీ పేరు పెట్టాడో లేదో.

పదకొండున్నరకి జాబితా వచ్చింది. ఇరవై నాలుగు పేర్లూ ఉన్నాయి. నా ఒళ్ళు తేలికయింది, అది అబద్ధం కాదు, ఆ రెండు నిమిషాలు నేను నిజంగా సంతోషంగా ఉన్నాను. గైడ్ 1 తెరిచాను. బరబరమని చప్పుడు. గైడ్ 2 లో ఏమీ లేదు. గైడ్ 3 లో సభల మైకు, మా చర్చి పాస్టరు జకరయ్య అయ్యగారు ఆహ్వానిస్తున్న మాట సగం. చెరిపిన చోట కొత్తవి వచ్చి కూర్చుంటే అంతే, పేరు మిగులుతుంది, లోపల వేరేవాళ్ళుంటారు. నాలుగు, అయిదు, ఆరు. ఒక్కొక్కటీ తెరుస్తున్నాను, మూస్తున్నాను. మార్త మీద కట్టిన పాట తొమ్మిదోది, దాని కోసం కొంచెం ఆగి ఊపిరి పీల్చుకుని తెరిచాను. గాలి హోరు తప్ప ఏమీ లేదు. అన్నిట్లోకీ ఆ పాటే నాకిష్టం. యేసయ్య పాదాల దగ్గర చెల్లెలు కూర్చుంటే, వంటింట్లో అక్క ఒంటరిగా ఏమనుకుందో ఆ పాట.

పదకొండో పాట రెండో టేకు ఒక్కటి బతికింది. పదకొండు సెకన్లు. మొదట గూడ్సు బండి దూరమవుతున్న చప్పుడు. తర్వాత నేను గొంతు సవరించుకోవడం. పాడటానికి ఊపిరి తీసుకోవడం. అంతలో వంటింట్లోంచి అత్త గొంతు, "అబిగయీలూ, పాలు పొంగుతుండాయి!" వెంటనే నేను, "వస్తుండా అత్తమ్మా."

అంతే, అక్కడితో ఆగిపోయింది. ఆ టేకు పాడయిందని అప్పుడు మళ్ళీ మొదలుపెట్టుంటాను.

మళ్ళీ విన్నాను. ఎంత నిండుగా ఉందో ఆ గొంతు. వస్తుండా అత్తమ్మా అన్న రెండు ముక్కల్లో కూడా చివర చిన్న ఒంపు ఉంది, నాకే తెలియకుండా తిరిగిన ఒంపు. ఒక్క గాలి పోగు లేదు. మూడోసారి పెట్టినప్పుడు వంటింట్లోంచి మా అత్త, "వస్తే రా మరి, పిలవకుండానే పలకతావేంది," అంది. రెండేళ్ళుగా నేను గాలి గొంతుతో ఆమెకి బదులు చెబుతున్నాను. ఇప్పుడు పాత గొంతు వినబడింది. ఆమెకి తేడా తెలియలేదు. పలికితే చాలు, ఏ గొంతయినా.

నాకు అప్పుడు ఏడుపొచ్చింది. చప్పుడు కాకుండా ఏడవడం ఆ గదిలో పాత అలవాటే. పాటలు పోయినందుకు ఏడ్చాను, ఆ మిగిలిన ముక్కకి ఇంకా ఎక్కువ ఏడ్చాను. పన్నెండు పాటలు పాడిన మనిషి నుంచి ఈ లోకంలో మిగిలింది పాల గిన్నె దగ్గరికి పరిగెత్తడం. రేపు పాప పెద్దదై నా గొంతెలా ఉండేదని అడిగితే ఇది వినిపించాలా? అమ్మ ఇలా బాగా పలికేదని చెప్పాలా? ఆ ఫైలుని చెరిపేశాను. బుట్టలోంచి కూడా తీసేశాను.

హెబ్రోను వచ్చి కుర్చీ వెనకాల నిలబడి ఏమన్నా దొరికిందా అని అడిగాడు. లేదన్నాను. నా ముఖం చూశాడనుకుంటాను, భుజం మీద చెయ్యి వేశాడు. "పోతే పోనీలే. బాధపడబాక," అన్నాడు. ఆ చెయ్యి అక్కడే ఉండగా అసలు సంగతి చెప్పాడు. రేపు ఆరాధన అయ్యాక గూడూరు నుంచి బిందు వస్తోంది. మంచి సింగరు, యూట్యూబులో పేరుంది. పన్నెండు పాటలూ ఆమె పాడుతుంది, వచ్చే నెల చర్చి వార్షికోత్సవంలో అయ్యగారు విడుదల చేస్తారు. ఫ్లెక్సీ కూడా వేయించేశారు. ఆ ఫ్లెక్సీ ఫోటో తన ఫోన్లో నాకు చూపించాడు. రచన, స్వరకల్పన: బ్రదర్ హెబ్రోను. ఇప్పుడు గైడ్లు లేవు కాబట్టి బిందుకి రాగం ఎలా తెలుస్తుంది? మాటలు నోటు పుస్తకంలో ఉన్నాయి, రాగం ఎక్కడా రాసిలేదు.

"నువ్వు కూర్చుని హమ్ చెయ్యి, ఆ అమ్మాయి పట్టుకుంటుంది. గొంతు బాగుండక్కర్లా అబీ, ట్యూను తెలిస్తే చాలు," అన్నాడు.

ఫ్లెక్సీలో అతని ఫోటో చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారి సరే అంటే అయిపోతుంది. ఇంతకాలం అనలేదా? పాటలు కనీసం బతుకుతాయి, ఎవరి పేరుతో అయినా, ఎవరి గొంతులో అయినా. జనం నోళ్ళలో పడతాయి. పాప కూడా పాడుకుంటుంది, అవి ఎవరివో తెలియకుండా. ఆ చివరి మాట దగ్గర నా తల అడ్డంగా ఊగింది.

"నాకు గుర్తులేవు," అన్నాను.

"ఏంది?"

"ట్యూన్లు గుర్తులేవు. రెండేళ్ళయింది గదా."

హెబ్రోను భుజం మీంచి చెయ్యి తీసేశాడు. నా ముందుకొచ్చి ముఖంలోకి చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.

"నువ్వు కట్టిన పాటలు నీకే గుర్తులేకపోతే ఎట్టా అబీ?"

నువ్వు కట్టిన పాటలు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ మాట కోసం తొమ్మిదేళ్ళు ఎదురుచూశాను. అయ్యగారి ముందు, చుట్టాల ముందు, కనీసం మా ఇద్దరి మధ్య పక్క మీద ఒక్కసారి అంటాడేమోనని. ఇప్పుడు అన్నాడు. గదిలో మేమిద్దరమే ఉన్నాం, గోడల నిండా చప్పుడు బయటికి పోకుండా అట్టలున్నాయి.

నేను లేచి కుర్చీ అతనికిచ్చాను. పన్నెండూ నాకు పల్లవి నుంచి చివరి చరణం దాకా గుర్తున్నాయి. నాతోనే పోతాయి.