ముద్దయిన పగడాల గొలుసు

పోయిన ఏడాది ఆగస్టు పదో తేదీ, ఆదివారం. ఆ మధ్యాహ్నం జీవరత్నం మాస్టారు తిన్నది కంద బచ్చలి కూర, మిగిలిన కాస్త పెరుగు. కూరలో ఆవ ఎక్కువైంది. ఘాటు ముక్కుకెక్కి కళ్లలో నీళ్లు తిరిగాయి. అందుకే కాబోలు, కొట్టుగదిలోంచి వస్తున్న పొగ రోజూ వచ్చే పొగలా లేదని ఆయన పసిగట్టలేకపోయారు. పక్కింటి బంగారమ్మ గోడ మీంచి కేకేసింది.

"మాస్టారండీ! అటకండీ! అటక అంటుకుందండీ!"

కొబ్బరికాయల్ని అటకెక్కించి ఏడాది ఉంచితే లోపలి నీళ్లింకి కురిడీ అవుతాయి. వానాకాలంలో చెమ్మ పట్టకుండా కింద కొబ్బరి డొక్కలు రాజేసి సన్నగా పొగ పెడతారు. అంబాజీపేట చుట్టుపక్కల ఇది ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. భార్య దీనమ్మ ఉన్నంతకాలం ఆ పొగ ఆవిడ పని. డొక్కల మీద తడి బూడిద చల్లి, మంట లేవదని నమ్మకం కుదిరాకే చర్చికి బయల్దేరేది. ఆవిడ పోయిన మూడేళ్ల నుంచీ మాస్టారే పెడుతున్నారు. ఆ ఆదివారం బూడిద చల్లడం మరిచిపోయారు.

వీధి వీధంతా బిందెలతో వచ్చింది. ఇల్లు దక్కింది. కాయలు పోయాయి. పోతే పోయాయి. కానీ ఆ కాయల మధ్య ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. డబ్బాలో దీనమ్మ పగడాల గొలుసు ఉంది.

దీనమ్మ తల్లి పొలం కూలికి వెళ్లిన మనిషి. ఆవిడ మెడలో నల్లదారం తప్ప ఏనాడూ ఏమీ లేదు. దీనమ్మ నర్సు ఉద్యోగంలో చేరి, పదకొండేళ్లు దాచి, ఐదు కాసులతో ఆ గొలుసు చేయించుకుంది. బీరువాలో పెట్టమంటే నవ్వేది. "దొంగ బీరువా తెరుస్తాడు గానీ, అటకెక్కి కాయలు లెక్కెడతాడేంటండీ!"

ఆవిడ పోయాక గొలుసుని లాకర్లో పెట్టమని కూతురు శారోన్ ఎన్నిసార్లో చెప్పింది. మాస్టారు సరేననేవారు. పెట్టేవారు కాదు. ఆవిడ చేత్తో పెట్టిన చోటు మార్చబుద్ధి కాలేదు. నెలకోసారి నిచ్చెనెక్కి, డబ్బా మూత తీసి, చూసి, మళ్లీ అలాగే పెట్టి దిగేవారు.

శారోన్ కాకినాడలో బ్యాంకు ఉద్యోగి. తండ్రి సంగతి తెలిసే, ఇంటికీ గొలుసుకీ కలిపి తన పేరు మీద ఇన్సూరెన్సు కట్టింది. అందుకే నెల తిరక్కుండా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. కొబ్బరినూనె మంటకి గొలుసు కరిగి చిన్న ఉసిరికాయంత ముద్దయింది, పగడాలు సున్నమయ్యాయి, కనుక పూర్తి నష్టం కింద మూడు లక్షల డెబ్బై ఆరు వేలు ఇస్తామని రాశారు. కింద ఇంకో వాక్యం ఉంది. ఆ ముద్ద ఇకనుంచి కంపెనీ సొత్తు, పదిహేను రోజుల్లో అప్పజెప్పవలెను.

మాస్టారు ఆ వాక్యం దగ్గరే ఆగిపోయారు.

"పైసా కోత లేకుండా ఇచ్చేరండీ నాన్నగారూ," అంది శారోన్ ఫోన్లో. "అమ్మ ఫొటో చూపించి అచ్చం అలాంటిదే చేయిద్దాం."

"అచ్చం అలాంటిది అమ్మ వేసుకోదు కదమ్మా."

"ఈ ముద్ద మాత్రం వేసుకుంటుందేంటి!" అనేసి, అన్నందుకు తనే నొచ్చుకుని ఫోన్ పెట్టేసింది.

సోమవారం మాస్టారు బస్సెక్కి అమలాపురం ఆఫీసుకి వెళ్లారు. దుర్గాశ్రీ అని చిన్నవయసు ఆఫీసరమ్మ. చెమటలు కక్కుతూ వచ్చిన ఆయన్ని చూసి, ఏమీ అడక్కుండా తన టేబులు ఫ్యాను ఆయన వైపు తిప్పింది. ఆయన రాసుకొచ్చిన అర్జీ రెండుసార్లు చదివింది.

"తక్కువిచ్చేరని అందరూ తగూకొస్తారండీ. మీరేంటండీ, ఎక్కువిచ్చేరని వచ్చేరు?"

"ఆయ్. మీరిచ్చినదంతా మీరే ఉంచుకోండమ్మా. ముద్ద మాత్రం నాకుండనివ్వండి."

"అలా ఉంచుకోకూడదండీ. డబ్బూ మీకే, బంగారమూ మీకే అంటే ఆడిట్లో నన్ను తినేస్తారు." కాసేపు కంప్యూటర్లో ఏదో వెతికింది. "ఒక దారుందండీ. ముద్ద ధర కట్టి ఇచ్చేదాంట్లోంచి తగ్గించుకుంటాం. నలభై ఒక్క వేలు వస్తాదంతే. నష్టపోతారండి మాస్టారూ."

"నష్టపోవడం ఎప్పుడో నష్టపోయేను తల్లీ. ఎక్కడ సంతకం పెట్టమంటారు?"

"మీరు కాదండీ. పాలసీ మీ అమ్మాయిగారిది. ఆవిడ పెట్టాలి. గడువు శుక్రవారం."

గురువారం సాయంత్రం శారోన్ వచ్చింది. సంతకం పెట్టాల్సిన కాగితం చూసి మడిచి పక్కన పెట్టింది. తండ్రికి అన్నం వడ్డించి, తనూ తిని, కంచాలు తీశాక అంది:

"డబ్బు కోసం కాదండి నాన్నగారూ. ఇది ఇంట్లో ఉంటే మీరు రోజూ చూసుకుంటారు. నేనే కాల్చేసేనని రోజూ అనుకుంటారు. ఇచ్చేద్దాం."

"అనుకుంటాను," అన్నారాయన. "వాళ్లకిచ్చేసినా అనుకుంటాను. ఇది ఉంటే, అనుకునేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉంటుంది."

శారోన్ బల్ల మీద రుమాల్లో ఉన్న ముద్దని మొదటిసారి చేతిలోకి తీసుకుంది. ఇన్నాళ్లూ ఫొటోల్లోనే చూసింది. ఒక పక్క నున్నగా ఉంది. రెండో పక్క రెండు లంకెలు పూర్తిగా కరగకుండా నిలిచాయి. వాటి మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చుంది.

"అమ్మ ఎత్తుకుంటే ఇవే గుచ్చుకునేవి," అంది. "దిగిపోతానని గోల చేసేదాన్ని." ఆ మాటంటూ ముద్దని చెంపకి ఆనించుకుంది. తీసేసరికి చెంప మీద మసి అంటుకుంది. మాస్టారు చూశారు. చెప్పలేదు.

కాసేపటికి కాగితం విప్పి సంతకం పెట్టింది. "బీరువాలో పెట్టనా?"

"ఈ పూటకి నా దగ్గరుండనివ్వమ్మా."

ఆయన మంచం మీద పక్కకి ఒత్తిగిలి, దిండు పక్కన రుమాలు పెట్టుకుని, దానిమీద అరచెయ్యి వేసి కళ్లు మూసుకున్నారు. శారోన్ లైటు తీసేసింది. గుమ్మంలో ఒక్క నిమిషం నిలబడి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.