పోయినవాడి గడ్డం

బీమా కంపెనీలో మోసాలు పట్టే ఉద్యోగం ఆమెది. ఎవరింటికి విచారణకు వెళ్లినా, మాటలయ్యాక "కాస్త బాత్రూము వాడుకోవచ్చా?" అని అడుగుతుంది. కళ్లు ఎప్పుడంటే అప్పుడు ఏడుస్తాయి గానీ బాత్రూముకు నటన రాదని ఆమె నమ్మకం. తోటివాళ్లు 'బాత్రూము మేడం' అని వెక్కిరించేవారు. వెక్కిరిస్తే వెక్కిరించనీ, పన్నెండేళ్లుగా దొంగలు దొరికింది అక్కడే.

ఆ మధ్యాహ్నం వెళ్లిన ఇంట్లో భర్త పడవ ప్రమాదంలో పోయి నాలుగు నెలలైందట. శవం దొరకలేదు. ఇల్లాలు తలవంచుకుని, పాఠం అప్పజెప్పినట్టు జవాబులు చెప్పింది. బాత్రూము గూట్లో గడ్డం బ్రష్షు కనిపించింది. జ్ఞాపకంగా దాచుకుంది కాబోలు, పాపం, అనుకుంటూ మేడం దాన్ని ముట్టుకుంది. వేలికి నురగ అంటింది. ఇంకా గోరువెచ్చగా ఉంది.

పక్కన మూసిన గదిలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. ఇద్దరు వెళితే జనం నోరు విప్పరని ఆమె ఎప్పుడూ ఒంటరిగానే వచ్చేది. ఆ తెలివి కాస్తా ఇప్పుడు తెల్లారింది. హాల్లోకి వచ్చేసరికి వీధి తలుపుకు గడియ వేసి ఉంది.

"గాలికి కొట్టుకుంటోందని వేశానండీ," అంది ఇల్లాలు. గాలి ఎక్కడా లేదు.

బతికి బయటపడితే చాలు, ఉద్యోగం సంగతి తర్వాత. "అంతా సరిగ్గానే ఉందమ్మా," అంది మేడం, మూసిన గదికి వినబడేలా. 'మరణం వాస్తవమే' అని రాసి సంతకం చేసింది. అది వంకర పోయింది. నకలు ఇంటివాళ్లకివ్వాలి కనుక బల్ల మీద పెట్టింది.

గడియ తీసి ఇల్లాలు గేటు దాకా వచ్చింది. మేడంకి అప్పుడే ప్రాణం లేచొస్తోంది. ఇల్లాలు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అలా రాశారేంటక్కా? గడియ ఆయన వేయమంటేనే వేశాను. మీరు చూస్తారనే బ్రష్షు కడక్కుండా ఉంచాను."

"భయమేసి రాశానమ్మా. ఆఫీసుకెళ్లి మార్చేస్తాను."

"అందాకా నేను బతికుండాలిగా! ఆ కాగితం ఈపాటికి ఆయన చేతిలో ఉంటుంది. ఇంక నాతో ఆయనకేం పని? రెండో పాలసీ నా ప్రాణం మీదుంది, రెండు డబ్బులూ వెళ్లేది వాళ్ల తమ్ముడికే."

తలుపు చాటు నుంచి మగగొంతు మెల్లగా అడిగింది. "ఇంకా ఎంతసేపు?"

ఇల్లాలు అలవాటుగా వెనక్కి తిరిగింది. మేడం ఆ చెయ్యి వదల్లేదు. చెప్పులైనా లేని ఆ మనిషిని గేటు అవతలికి లాగి పరుగందుకుంది. వెనక మెట్ల మీద అడుగులు వినిపించాయి.