చేతిలో మిగిలిన ఒక్క కాల్

అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌లో ఇంజనీరుకు పొద్దున్నించీ ఒళ్ళు మండిపోతోంది. మండదూ మరి! మేనేజరు ఆమె సొంత అక్క మొగుడు. ఆఫీసులో బావా అనకూడదు, సార్ అనాలి. గొడ్డుచాకిరీ చేయించుకునేటప్పుడు మాత్రం మరదలని గుర్తొస్తుంది ఆయనకు.

వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఒకే ముద్ద కాదు. కాల్ అందుకునేది ఒక భాగం, బండిని వెతికేది ఇంకొకటి, డ్రైవరుకు కబురు పంపేది మరొకటి. ఒక్కోటి ఒక్కో ఊళ్ళోని కంప్యూటర్లో నడుస్తుంది. ఇవాళ బండిని వెతికే భాగాన్ని మార్చాలి, ఫోన్లు మాత్రం ఆగకూడదు. అందుకో పద్ధతుంది. కొత్త కాల్స్‌ను కొత్త భాగానికి మళ్ళించి, పాతదాని చేతిలో ఉన్నవి పూర్తయ్యేదాకా ఆగాలి. ఆ తర్వాతే దాన్ని పీకాలి.

తొమ్మిది కాల్స్‌లో ఎనిమిది పూర్తయ్యాయి. ఒకటి మొరాయించింది.

"ఇరవై నిమిషాలైంది. అదేదో చచ్చిన కాల్, పీకెయ్. హెడ్డాఫీసు నుంచి పెద్దాయన వచ్చే టైమైంది," అన్నాడు బావ.

"చూడనివ్వండి సార్."

"నీదంతా చాదస్తం!"

చాదస్తమట! పళ్ళు కొరుక్కుంటూ ఆమె ఆ కాల్ తెరిచింది. పెద్దావిడకు గుండెనొప్పి. బండి దొరికింది, వస్తోందని ఇంటికి మెసేజ్ కూడా వెళ్ళింది. పాత భాగం నుంచి డ్రైవరుకు కబురు వెళ్ళే దారి మాత్రం మూసి ఉంది. మూసినవారు: మేనేజరు.

"పాతదాని చేతిలో పనుండగానే దారి మూసేశారా?"

"ఎలాగూ మూసేదేగా, టైం కలిసొస్తుందని..."

"తగలబడింది మీ టైం!" అని అరిచింది. గదంతా ఇటు తిరిగింది. ఆమె దారి తెరిచి, డ్రైవరు బయల్దేరాడని చూసుకుని, ఆ ఇంటికి ఫోన్ కలిపింది.

"మీ మెసేజ్ చూసి పక్కింటాయన కారు వద్దన్నానమ్మా," స్పీకర్‌లో ఓ ముసలాయన ఏడుస్తున్నాడు. "ఇప్పుడు మా ఆవిడ పలకట్లేదు."

పక్క సీటులోని నర్సు ఒక్క ఉదుటున లైన్లోకి వచ్చి, ఛాతీ ఎలా నొక్కాలో ఆయనకు చెప్పసాగింది.

బావ వంగి గుసగుసగా అన్నాడు. "రిపోర్టులో రాయకు. మీ అక్కకీ చెప్పకు."

ఆయన చెంప పగలగొట్టాలనుకుంది ఆమె. తమాయించుకుని లేచి, తన కుర్చీ ఆయన ముందుకు తోసింది.

"కూర్చోండి బావా. ఆ పెద్దమనిషి అడిగేదానికి మీరే జవాబు చెప్పండి."

"నొక్కుతూనే ఉన్నా," అంటున్నాడు ముసలాయన రొప్పుతూ. "బండి ఎక్కడిదాకా వచ్చింది బాబూ?"