కోటుకు గుండుసూదులు

మా కుట్టు దుకాణం రైలు పట్టాల పక్కనే. గెలిస్తే పెద్ద రైలు ఇక్కడ ఆపిస్తానని చెప్పి పార్లమెంటుకు వెళ్లిన పెద్దమనిషి, రెండేళ్లకు కోటు వదులు చేయించుకోవడానికి వస్తున్నాడని కబురొచ్చింది.

"రైలు సంగతి మీరే అడగండి. ఓటేసింది మీరేగా," అన్నాను మా ఆయనతో.

"వేసి గెలిపించుకుని, మనవాణ్ణే నిలదీస్తే ఏం బాగుంటుంది? వేయనిదానివి, నువ్వడుగు."

"వేయనిదానికి అడిగే హక్కెక్కడిదని ఆయనంటే?"

నాకు తల తిరిగిపోయింది. వేసినవాళ్లకు మొహమాటం, వేయనివాళ్లకు సంకోచం. మరి అడగాల్సింది ఎవరు? నేను వేసినాయన గెలిచి ఉంటే నేనూ ఇలాగే నసిగేదాన్నేమో.

పెద్దమనిషి వచ్చాడు. కోటు తొడిగి, నడుము దగ్గర కుట్లు విప్పి గుండుసూదులు పెట్టాను. సూదులున్నంతసేపూ ఎంతటివాడైనా బొమ్మలా నిలబడాల్సిందే. అడిగితే ఇప్పుడే అడగాలి. మాట నోటిదాకా వచ్చింది. మా ఆయన వంక చూస్తే, ఆయన కొలతల టేపు చుడుతున్నాడు.

"ఎప్పుడిస్తారమ్మా?" అన్నాడు పెద్దమనిషి.

"శుక్రవారమండీ."

"మాట తప్పితే మాత్రం ఊరుకోను."

బయట పెద్ద రైలు ఆగకుండా దూసుకుపోయింది. బల్ల మీద కత్తెర గడగడలాడింది.

"తప్పకుండా ఇస్తామండీ," అన్నాం ఇద్దరం, ఒక్క గొంతుతో.