ఒకే ఆవు కోడెలు

మామగారి ఆవుకు ఒకే ఆబోతు వల్ల కొమ్ముల్లేని కోడెదూడలు రెండు పుట్టాయి. ఆయన అల్లుళ్ళిద్దరికీ చెరొకటి ఇచ్చాడు. పెరిగి పెద్దవయ్యాక, చుట్టుపక్కల రైతులు తమ ఆవుల్ని చూలు కట్టించడానికి పెద్దల్లుడి ఆబోతు దగ్గరికే తోలుకెళ్ళేవారు. ఆ దారి చిన్నల్లుడి కొట్టం ముందునుంచే. ఒక్కో ఆవూ తన గేటు దాటిపోతుంటే అతను వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవాడు.

"మేత ఒకటే, పుట్టుక ఒకటే. ఆయనకే ఎందుకు కలిసొస్తుంది?" అని భార్య మీద విసుక్కునేవాడు.

ఒకరోజు పెద్దల్లుడి ఆబోతుకు బాగోలేదని కబురొచ్చింది. చిన్నల్లుడు తువ్వాలు భుజాన వేసుకుని పరామర్శకు పరిగెత్తాడు. ఆబోతు పొట్ట కింద, మూత్రం పోసే తిత్తిలోంచి లోపలి పొర జానెడు బయటికి జారి, వాచి, ఎర్రగా వేలాడుతోంది. పశువుల డాక్టరమ్మ దాన్ని కడిగి మందు రాస్తోంది.

"ఇది వంశంలో వచ్చేదేనా అమ్మా?" అన్నాడు చిన్నల్లుడు, గొంతులో జాలి నింపుకుని.

"ముల్లు గీరుకున్నా జారొచ్చు. అయితే కొమ్ముల్లేని వాటిలో కొన్నిటికి ఆ పొరను వెనక్కి లాగే కండ పుట్టుకతోనే ఉండదు. అది తండ్రినుంచి బిడ్డలకు రావచ్చు. ఒక్కదాన్ని చూసి ఏం చెబుతాం?"

అందులో తనకు కావలసిన ముక్క మాత్రం చెవిన వేసుకుని వచ్చాడతను. టీకొట్లో, దాణా కొట్లో, కనబడ్డవాడికల్లా చెప్పాడు. "పాపం మా అన్నయ్య. జబ్బు రక్తంలోనే ఉందట."

ఆవులు రావడం ఆగిపోయింది. ఎప్పుడో ఒకటీ అరా వచ్చే తన కొట్టానికి కూడా.

"ఏమండీ," అంది భార్య అన్నం వడ్డిస్తూ, "బావగారి కోడెదీ మనదీ ఒకే రక్తం కాదూ?"

అతను కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచాడు.

మర్నాడు పెద్దల్లుడు డాక్టరమ్మను వెంటబెట్టుకొచ్చాడు. "తమ్ముడూ, మా ఆబోతు తోడబుట్టినదాన్ని కూడా చూస్తే తేలుతుందంటున్నారు."

చిన్నల్లుడు కొట్టం తలుపు తీశాడు. ఆబోతు మూత్రం పోసింది. ఆ తర్వాత కూడా పొర నాలుగు వేళ్ళంత బయటే వేలాడుతూ ఉండిపోయింది. రోజూ చూస్తున్నదే. అన్నిటికీ అంతేననుకుంటూ వచ్చాడతను.

"ఇద్దరన్నదమ్ములకీ ఉందంటే చాలావరకు వంశానిదే," అంది డాక్టరమ్మ. "ఇక వీటిని ఆవుల మీదికి వదలొద్దు."

పెద్దల్లుడు తలూపాడు. "సరే. నా దగ్గరికి ఆవుల్ని తెచ్చినవాళ్ళకి నేనే చెబుతాను. వాటికి పుట్టిన కోడెల్ని కనిపెట్టుకుని ఉండమంటాను."

అన్నట్టే ఇంటింటికీ వెళ్ళి చెప్పాడు. ఒక్కడూ తిట్టలేదు. పైగా, ఈసారి ఎలాంటి ఆబోతును తెచ్చుకుంటే మంచిదో సలహా అడగడానికి అతని ఇంటికే వరస కట్టారు, మళ్ళీ అదే దారిలో.

చిన్నల్లుడు గేటు పట్టుకుని చూస్తూ పళ్ళు నూరాడు. "చూశావా, చెడు కబురు చెప్పి కూడా మంచిపేరు కొట్టేశాడు."

"మీరు అంతకు ముందే చెప్పారు కదండీ, అదే కబురు," అంది భార్య.

అతను గేటు మూసి, ఆబోతుకు గడ్డి వేయడానికి వెళ్ళాడు.